విరగకుండా విప్పడం

కొత్త కారులో బ్యాటరీ మార్చడం పది నిమిషాల పని. పదిహేనేళ్లు నిండి, ఉప్పల్ ఆర్టీఓ ఆఫీసులో రిజిస్ట్రేషన్ పొడిగించుకుని ఇంకా రోడ్డు మీద తిరుగుతున్న మారుతి 800 సంగతి వేరు. బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే క్లాంపు బోల్టు అందులో తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. కొత్త బ్యాటరీ తెచ్చిన దుకాణం కుర్రాడు పానా పెట్టి ఒక్కసారి గుంజి చూస్తాడు. కదలకపోతే, “మెకానిక్‌తో తీయించుకోండి సార్” అని తప్పుకుంటాడు. తప్పుకోవడమే మంచిది కూడా. బలం ఉన్నవాడి చేతిలోనే బోల్టులు ఎక్కువగా విరుగుతాయి.

ఆ బండి అక్కణ్నుంచి ఉప్పల్, నాచారం సందుల్లోని రేకుల షెడ్లకు వస్తుంది. ఇది మొదటి నుంచీ ఇనుముతో బతికిన ప్రాంతం. పక్కనే లాలాగూడలో 1893 నాటి రైల్వే వర్క్‌షాపు, మౌలాలీలో లోకోషెడ్డు, ఉప్పల్‌లో ఆర్టీసీ వర్క్‌షాపు, 1967లో మొదలైన ఈసీఐఎల్, వీటి మధ్య ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు. పెద్ద ఫ్యాక్టరీలున్న చోట చిన్న లేతు షాపులూ పుడతాయి. మెకానిక్ షెడ్డుకు నడిచే దూరంలో లేతు ఉండటం ఎంత అండో బోల్టు విరిగిన రోజున తెలుస్తుంది.

అసలు బోల్టు ఎందుకు బిగుసుకుంటుంది? ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందుకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య మరల్లో ఉండేదే వెంట్రుకవాసి సందు. తుప్పు ఉబ్బి దాన్ని పూర్తిగా నింపేస్తుంది. బ్యాటరీ పక్కన ఇంకో బెడద ఉంది. ఛార్జింగ్ ఎక్కువైనప్పుడు లోపలి నీరు వాయువులుగా విడిపోతూ సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరను వెంట తెస్తుంది. అది బోల్టు మీది జింకు పూతను ముందు తినేసి, తర్వాత ఇనుము మీద పడుతుంది. టెర్మినళ్ల చుట్టూ పేరుకునే తెల్లటి, నీలి పొడి కూడా ఆ ఆమ్లం పనే.

తెలిసిన మేస్త్రీ ముందుగా బోల్టును ముట్టుకోడు. బాడీకి కలిపిన వైరును విప్పుతాడు. ఈ కాలపు కార్లలో అది నెగటివ్. ఒకప్పటి బ్రిటిష్ బళ్లు కొన్నింటిలో పాజిటివ్ ఉండేది. పాజిటివ్ విప్పుతుండగా పానా రెండో కొస బాడీకి తగిలితే బ్యాటరీ కరెంటంతా పానాలోంచే పారుతుంది, నిప్పులు లేస్తాయి. నెగటివ్ ముందే తీసేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. బిగించేటప్పుడు వరుస తిరగబడుతుంది: పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.

తర్వాత కడగాలి. వేడి నీళ్లలో వంట సోడా కలిపి పోస్తే ఆమ్లం బుసబుసా పొంగి చల్లారుతుంది. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి మాత్రం పోకూడదు. వేడి నీళ్లు పక్క టీ బండి దగ్గర దొరుకుతాయి. మరల మీది తుప్పును వైరు బ్రష్‌తో గీకి, అప్పుడు నూనె వేస్తారు.

ఏ నూనె అన్నదాని మీద షెడ్డుకో మతం. ఒకప్పుడు గ్యాస్‌నూనె, డీజిల్ వాడేవారు. కొందరు బ్రేక్ ఆయిల్ అంటారు, కానీ అది పెయింటును లేపేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా డబ్ల్యూడీ-40 డబ్బానే కనిపిస్తుంది. అది 1953లో అమెరికాలో పుట్టింది తేమను తరిమి తుప్పు రాకుండా ఆపడానికి, నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన మందు కాబట్టి ఆ నలభై. నా లెక్కలో ఏ నూనె అన్నదానికన్నా ఎంతసేపు ఆగామన్నదే ముఖ్యం. సన్నటి సందుల్లోకి నూనె దానంతటదే పాకాలి. వేసి, పైనుంచి సుత్తితో చిన్నగా తట్టి, ఇంకో బండి పని చూసుకుని వచ్చి, మళ్లీ వేసి తట్టాలి. ఆ తట్టుడుకు తుప్పు పగుళ్లిస్తుంది, పగుళ్లలోకి నూనె దిగుతుంది. టెర్మినల్‌ను మాత్రం తట్టకూడదు. సీసం మెత్తన, లోపలి పలకల అతుకు ఊడితే బ్యాటరీ అక్కడికక్కడే చచ్చిపోతుంది.

ఇక పానా. నోరు తెరిచిన పానా నట్టును రెండు వైపులే పట్టుకుంటుంది; బిగుసుకున్న నట్టు మూలలను అరగదీసి గుండ్రం చేసేస్తుంది. ఆరు ముఖాలనూ పట్టే రింగు పానా గానీ గోటీ పానా గానీ కావాలి. సైజు కూడా సరిగ్గా కుదరాలి. పాత అంబాసిడర్ నట్లు ఇంచీల లెక్కవి. అర ఇంచి అంటే 12.7 మిల్లీమీటర్లు. దాని మీద 13 పానా కూర్చుంటుంది, కానీ ఆ 0.3 మిల్లీమీటర్ల వదులే నట్టు కొంప ముంచుతుంది.

విప్పే తీరు చూస్తే కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. మేస్త్రీ ముందు బిగించే వైపు రవ్వంత తిప్పుతాడు. తుప్పు పట్టు అక్కడ తెగుతుంది. అప్పుడు విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి కాస్త, మళ్లీ నూనె. అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తుప్పు పొడిని మరల్లోంచి బయటికి రప్పిస్తాడు. కీచుమని చప్పుడు చేస్తూ తిరిగే బోల్టు దారికొస్తున్నట్టు. చప్పుడు లేకుండా మెత్తగా, రబ్బరులా సాగుతున్నట్టు తిరిగితే అది విప్పుకోవడం లేదు, మెలితిరిగి విరగబోతోంది. ఆ క్షణంలో చెయ్యి ఆపడం ఏ పుస్తకంలోంచీ రాదు.

మామూలుగా మొండి నట్టుకు మంట పెడతారు. 10 మిల్లీమీటర్ల నట్టు 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.024 మిల్లీమీటర్లు సాగుతుంది. తుప్పును పగలగొట్టడానికి అది చాలు. బ్యాటరీ పక్కన మాత్రం ఆ పని చేయరాదు. బ్యాటరీ వదిలే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. గ్రైండరుకూ ఇదే కారణంతో నిషేధం. మిగిలింది హాక్సా బ్లేడు. సగానికి గుడ్డ చుట్టి చేత్తో కోయాలి. బోల్టునే బలివ్వాలి, బాడీని కాదు.

బ్యాటరీ బయటికొచ్చాకే అసలు స్వేచ్ఛ. బ్రాకెట్టులో విరిగిన ముక్క మిగిలితే బ్రాకెట్టు విప్పి లేతు షాపుకు పంపుతారు. అక్కడ ముక్క నడిమధ్యన డ్రిల్లు వేసి, ట్యాపుతో మరలు మళ్లీ దింపుతారు. ట్రే కడిగి, రెడ్ ఆక్సైడ్ పూసి, కొత్త బోల్టు మరలకు గ్రీజు రాసి బిగిస్తారు. టెర్మినళ్ల మీద వాజలైన్ రాస్తారు. పాత బ్యాటరీ దుకాణానికి తిరిగి వెళ్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు దాన్ని చెత్తలో పారేయనివ్వవు.

గొడవంతా మజూరీ దగ్గర. బోల్టు విరిగితే లేతు బిల్లు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి మాట్లాడకుండా ఇస్తాం. విరక్కుండా వస్తే, “ఓ బోల్టు విప్పడానికి ఇంతా?” అని బేరం పెడతాం. ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. ఆ పూటంతా మేస్త్రీ అమ్మింది తన ఓపికను. దానికి రశీదు ఉండదు.

ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఈ పని పోతుందనుకునేవాళ్లు నెక్సాన్ ఈవీ బానెట్ ఎత్తి చూడొచ్చు. పెద్ద బ్యాటరీ కింద ఎక్కడో ఉంటుంది. లైట్లకూ హారన్‌కూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఇప్పటికీ బానెట్ కిందే ఉంది, దాన్ని పట్టుకునేది ఇప్పటికీ ఇనుప బోల్టే.