గరిటెలోని పథ్యము

విమానాశ్రయము 2008లో తెరవబడిన నాటినుండి శంషాబాదు పరిసరములలో పెద్ద వంట రెండు విధముల సాగుచున్నది. ఆకాశయానము చేయువారికొరకు వండిన అన్నమును, కూరను, పప్పును పళ్ళెమునకిన్ని గ్రాములని త్రాసుపై తూచి, త్వరితముగా చల్లార్చి, మూతలు బిగించి పంపుట ఒక విధము. బెంగుళూరు రహదారి వెంబడి వెలసిన ఆసుపత్రులలో బండిపై గిన్నెలు పెట్టుకొని, వార్డు వార్డునకు తిరుగుచు, కంటి అంచనాతో వడ్డించుట రెండవది. ఆరోగ్యవంతుడైన ప్రయాణికునికి గ్రాముల లెక్కయు, రక్తహీనుడైన రోగికి గరిటె లెక్కయు ఏల వచ్చినవో నాకు బోధపడలేదు.

బంధువొకరు అటువంటి ఆసుపత్రిలో నుండగా, సహాయకుడనై మంచము ప్రక్కన కూర్చుండి ఈ వడ్డనను తీరికగా గమనించు అవకాశము నాకు కలిగినది. గోడమీది పట్టికలో పప్పు, ఆకుకూర, కాయకూర, పెరుగు అన్నియు నుండెను. పళ్ళెములోనికి వచ్చినది మాత్రము కుప్పగా అన్నము, పప్పుచారని పిలుచుటకును సంకోచింపదగినంత పలుచని పప్పు, అంచున చెంచాడు బంగాళాదుంప వేపుడు. వండినవానిని నిందింపలేము. అన్నము చవుక, కడుపు నింపును, కనులకు నిండుగా కనబడును. పప్పులో నీరు పోసినయెడల పదిమందికి వండినది పదునైదుగురికి వచ్చును. డైటీషియన్ వ్రాసిన పథ్యమంతయు ఆ గరిటె దగ్గరనే మారిపోవుచున్నది.

1918లో కూనూరున బెరిబెరి వ్యాధి పరిశోధనకై చిన్న శాఖగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకములలో, రెండువేల కేలరీల దినభోజనమునకు ధాన్యము 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు అని నిర్దేశించినది. ధాన్యముకంటె కూరగాయల తూకమే అధికమన్నమాట! ఆసుపత్రి పళ్ళెమును తలక్రిందులు చేసినగాని ఈ లెక్క కుదురదు. బియ్యములో కొరతపడు లైసిన్ పప్పులోను, పప్పులో కొరతపడు మెథియోనిన్ బియ్యములోను ఉండుటచేత అవి రెండును కలిసినప్పుడే మేలైన మాంసకృత్తులు లభించును. మంచము పట్టి కండ కరగుచున్నవానికిని, శస్త్రచికిత్స గాయము మానవలసినవానికిని ఇది కేవలము రుచికి సంబంధించిన విషయము కాదు.

ఇక ధనము మాట. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రులలో రోగి దినభోజనమునకిచ్చు మొత్తమును 2022లో 40 రూపాయలనుండి 80కిని, క్షయ, మానసిక రోగులకు 56నుండి 112కును పెంచిరి. కందిపప్పు కిలో 150, కూరగాయలు 40, బియ్యము 50, పాలు లీటరు 60 రూపాయలనుకొని పై కొలతలకు కట్టిచూడగా 60 రూపాయలకు కొంచెము లోపుగా వచ్చినది. పండ్లు, నూనె, వంటచెరకు బదులు వచ్చిన గ్యాసు, కూలి, కాంట్రాక్టరు లాభము తక్కిన ఇరువదిలో ఇముడవలయును. చాలదని కొట్టివేయుటకు వీలులేదు, సులభమని చెప్పుటకును నోరు రాదు.

న్యూయార్కు నగరపు ప్రభుత్వ ఆసుపత్రులు 2022నుండి శాకాహారమునే రోగికి మొదట వడ్డించు భోజనముగా చేసి, కోరినవారికి మాంసమిచ్చుచు, ఖర్చునుగూడ తగ్గించుకొన్నవి. అచ్చట తగ్గింపవలసినది మాంసము. మనకు తగ్గింపవలసినది అన్నము. అందుచేత వారి ఏర్పాటును అట్లే తెచ్చుకొనుటకంటె, ఏది మొదట పళ్ళెములో పడవలయునన్న వారి ఆలోచనను మాత్రము తెచ్చుకొనుట మేలు. గట్టిపప్పు, కూర మొదట వడ్డించి, మిగిలిన చోట అన్నము పెట్టినచో చాలవరకు పని తీరును.

మన వంటలో దీనికి వెదుకులాట యక్కరలేదు. పాలకూర పప్పు, తోటకూర పప్పు, ఆనపకాయ పప్పు, దోసకాయ పప్పు — ఒకే పొయ్యి, ఒకే గిన్నె, పప్పును కూరయు ఒక్క గరిటెలో. చేవెళ్ళ, మొయినాబాదు తోటల కూరగాయలు దగ్గరనే కలవు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందియు ఈ ప్రక్కదే. ఉప్పు తగ్గించినప్పుడు చప్పిడియని రోగులు మొగము త్రిప్పుకొనుట నిజమే గాని, గోంగూరయో, చింతచిగురో, దించిన పిమ్మట పిండిన నిమ్మరసమో ఆ లోటును చాలవరకు కప్పును. నిమ్మరసము ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టుటకును తోడ్పడును. మూత్రపిండముల వ్యాధిగ్రస్తులకు మాత్రము ఈ పప్పుకూరల వడ్డన ఉన్నదున్నట్లు పనికిరాదు. వారికి పప్పు పరిమాణము వైద్యుడు చెప్పవలయును, కూరలను ఉడికించి నీరు వార్చి పొటాషియము తగ్గింపవలయును.

టెండరు పత్రములో తలకింత యని ధర వ్రాయుటతో ఊరకొనక, వడ్డించిన పళ్ళెములో పప్పెంత, కూరయెంత యని గ్రాములలో వ్రాయించి, అప్పుడప్పుడు ఒక పళ్ళెమునైన తూచిచూడవలయునని నా కోరిక. తినక విడిచినదానినిగూడ తూచవలయును. అయితే మిగిలినది సాధారణముగా సహాయకుని కడుపులోనికి పోవును గనుక ఆ తూకము అబద్ధమాడును. హైదరాబాదులోని 18 ప్రభుత్వ ఆసుపత్రులయొద్ద 2022 మే నెలలో సహాయకులకు అయిదు రూపాయల భోజనము మొదలుపెట్టినప్పుడు దానిని దయాకార్యముగానే అందరును మెచ్చుకొనిరి. సహాయకునికి వేరుగా అన్నము దొరకినప్పుడే గదా, రోగి నిజముగా ఎంత తిన్నాడో నర్సు వ్రాసికొనుటకు వీలగుట!