పిల్లల మధ్య సంఘ సాన్నిధ్యము: బుష్నెల్ గ్రంథముపై ఒక విమర్శ

పిల్లల పరిచర్య అనగానే మన సంఘములలో సండేస్కూలు, వేసవి వి.బి.యస్., క్రిస్మస్ నాటిక జ్ఞాపకమునకు వస్తాయి. ఎందరు పిల్లలు హాజరైనారో నివేదికలో వ్రాస్తాము. వారితో ఎవరు కూర్చున్నారో వ్రాయము. ఈ లోపమును గుర్తించుటకు హొరేస్ బుష్నెల్ (1802–1876) రచించిన ‘క్రిస్టియన్ నర్చర్’ నేటికీ ఉపయోగపడుతుంది. అయితే బాన్సువాడ ప్రాంత సంఘముల మధ్య దానిని చదివినప్పుడు ఆ గ్రంథములోనే ఒక పెద్ద లోటు కనబడుతుంది.

గ్రంథకర్త వాదన

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణములో కాపరిగా ఉన్న బుష్నెల్ ఈ గ్రంథమును మొదట 1847లో ప్రచురించాడు. పిల్లలు ఎదిగిన తరువాత ఉజ్జీవ కూటములలో మారుమనస్సు పొందుతారులే అని వేచియుండే ధోరణిని అతడు ఎదిరించాడు. క్రైస్తవ గృహములోని బిడ్డ మొదటి నుండి దేవుని బిడ్డగానే పెరగాలనీ, మాటలు రాకముందే తల్లిదండ్రుల ముఖము, స్వరము, నడత ఆ బిడ్డను మలుస్తాయనీ వాదించాడు. విమర్శలు రాగా ప్రచురణకర్తలు గ్రంథమును నిలిపివేశారు. 1861లో అతడు దానిని విస్తరించి మరల వెలువరించాడు.

లేఖనముల వెలుగులో

మార్కు 10:13-16లో యేసుప్రభువు బోధ శిష్యులను ఉద్దేశించినది. పిల్లల విషయములో మార్కు వ్రాసినది ఆయన చేసిన పనులే: కౌగిలించుకొనుట, చేతులుంచుట, ఆశీర్వదించుట. కౌగిలించుకొనుటకు వాడిన గ్రీకు క్రియ క్రొత్త నిబంధనలో ఇక్కడా, మార్కు 9:36లోనూ మాత్రమే ఉన్నది. ఆయన యొద్దకు వచ్చుటకు అడ్డు పిల్లల అజ్ఞానము కాదు, పెద్దల గద్దింపు.

ఇంతమాత్రమున బోధ అనవసరమని మేము అనుట లేదు. ఇంటిలోను దారిలోను, పడుకొనే వేళ, లేచే వేళ బోధ సాగాలని ద్వితీయోపదేశకాండము 6:7 ఆజ్ఞాపిస్తుంది. పిల్లలతో కలిసి ఉండనివాడు ఆ ఆజ్ఞను నెరవేర్చలేడు.

బుష్నెల్ లోటు

తల్లిదండ్రులు ఒకే కప్పు క్రింద ఉన్న న్యూ ఇంగ్లాండు కుటుంబమే బుష్నెల్ దృష్టిలో ఉన్నది. 2016 వరకు నిజామాబాదు జిల్లాలోను, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోను ఉన్న బాన్సువాడ పరిసరముల స్థితి వేరు. నిజాంసాగర్ నీటితో వరి పండుతున్నా, ఎందరో తండ్రులు గల్ఫ్ దేశములకు వలస వెళ్తారు. తల్లులు బీడీలు చుట్టి, కూలికి వెళ్లి ఇల్లు నడుపుతారు. తండ్రి ఫోనులో పలకరిస్తాడు, కలిసి ఉండేది సెలవు మీద వచ్చినప్పుడే. సాన్నిధ్యమును ఇంటిలోనే వెదకిన బుష్నెల్ ఈ బిడ్డకు ఏమి చెప్పగలడు?

1861 ప్రతిలో, క్రైస్తవ సంతతి సంఖ్యలో ఇతరులను మించిపోతుందనే అధ్యాయము మరింత అభ్యంతరకరము. వంశమును కృపకు వాహకముగా చేసే ఆ తర్కము, పుట్టుక పేరిట అవమానము భరించి సువార్తను అందుకొన్న దళిత విశ్వాసుల సంఘములకు తగదు. మార్కు 3:31-35లో ప్రభువు తన కుటుంబమును రక్తముతో కొలవలేదు.

సంఘము చేయవలసినది

కాబట్టి బుష్నెల్ సూత్రమును నిలుపుకొని, దానిని ఇంటి నుండి సంఘమునకు విస్తరింపజేయాలి. శిశు బాప్తిస్మము సంఘము ఎదుట ఇస్తాము. అంటే ఆ బిడ్డ సంఘమంతటికీ బిడ్డ. ఒక పెద్ద, స్త్రీల సమాజ సభ్యురాలు ఒకరు ప్రతి ఆదివారము అదే పిల్లలతో కూర్చొనుట, పేరుపెట్టి పిలుచుట, జ్వరము వచ్చినా పరీక్ష తప్పినా ఇంటికి వెళ్లి పలకరించుట చిన్న పనులే. పది దినముల వి.బి.యస్. వీటిని ఇవ్వలేదు, ఏడాది పొడవునా అదే మనిషి కనబడాలి.

దీనికి హద్దులూ అవసరము. పెద్దల మౌన ప్రభావము మేలుకే కాక కీడుకూ పనిచేస్తుందని బుష్నెల్ ఎరుగును. పిల్లలతో గడుపుట అందరికీ కనబడే చోట, ఇద్దరు పెద్దలుండగా జరగాలి. 2012 నాటి పోక్సో చట్టము తెలియని కాపరి ఈ పరిచర్యను చేపట్టకూడదు.

కార్యక్రమములకు నిధులు లేవని చిన్న సంఘములు క్రుంగిపోనవసరము లేదు. పిల్లల ప్రక్కన నమ్మకముగా కూర్చొనే ఇద్దరు పెద్దలున్న సంఘములో పరిచర్య అప్పుడే మొదలైనది.