ఇద్దరి మర్యాద, మూడోవాడి ఊసు

2024 అక్టోబర్ 1 రాత్రి తొమ్మిది గంటలకు న్యూయార్క్‌లో సిబిఎస్ టీవీ వాళ్ల స్టూడియోలో ఇద్దరు మనుషులు పక్కపక్కనే నిలబడి వాదించుకున్నారు. ఒకరు ఒహాయో సెనేటర్ జె.డి. వాన్స్. మరొకరు మిన్నెసోటా గవర్నర్ టిమ్ వాల్జ్. ఇద్దరూ అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీదార్లు. స్టూడియోలో ప్రేక్షకులు లేరు. ఇళ్లల్లో మాత్రం 4 కోట్ల 30 లక్షల మంది దాకా చూశారు. మనకప్పుడు అక్టోబర్ 2 ఉదయం ఆరున్నర. గాంధీ జయంతి సెలవు. ఫజర్ నమాజ్ చేసుకొచ్చి, చాయ్ గ్లాసులు పట్టుకొని మేమూ టీవీ ముందు కూచున్నాం.

అమెరికా ఉపాధ్యక్షుడితో మీకేం పని అని అడగొచ్చు. మా గల్లీలో చాలా ఇళ్ల పిల్లలు షికాగోలోనో డాలస్‌లోనో బతుకుతున్నారు. గాజా మీద పడుతున్న బాంబులు ఏ దేశం నుంచి వస్తున్నాయో మాకు తెలుసు. చూడడానికి ఈ రెండు కారణాలు చాలు. ఆ చర్చలో ఎవరు గెలిచారో తేల్చడానికి ఈ వ్యాసం రాయడం లేదు. చూసినవాళ్లు ఏం చూశారు, ఏం చూడలేదు అన్నదే మా ప్రశ్న.

ప్రేక్షకుల జ్ఞాపకం చిత్రమైనది. ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చ టీవీలో మొదటిసారి వచ్చింది 1976లో, హ్యూస్టన్‌లో, బాబ్ డోల్‌కీ వాల్టర్ మాండేల్‌కీ మధ్య. 1988 చర్చలో జనానికి గుర్తున్నది డాన్ క్వేల్‌ని, నువ్వు కెనెడీవి కావని లాయిడ్ బెంట్సన్ ఎత్తిపొడవడం. 1992లో జేమ్స్ స్టాక్‌డేల్ తానెవరో, ఇక్కడికెందుకొచ్చాడో తననే తాను అడుగుతున్నట్టు మొదలుపెడితే దేశమంతా నవ్వింది. ఆయన వియత్నాం జైల్లో ఏడేళ్లకు పైగా చిత్రహింసలు పడ్డ మనిషని ఆ నవ్వులో ఎవరికీ గుర్తురాలేదు. 2020లో కమలా హారిస్‌తో చర్చిస్తుండగా మైక్ పెన్స్ తల మీద ఒక ఈగ వాలి రెండు నిమిషాల సేపు కూచుంది. కోవిడ్‌తో అప్పటికే రెండు లక్షల మందికి పైగా అమెరికన్లు చచ్చిపోయి ఉన్నారు. తెల్లారి లోకం మాట్లాడుకున్నది ఈగ గురించి.

2024లో ఈగ లేదు. మర్యాద ఉంది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఒకరి మాటతో మరొకరు అక్కడక్కడా ఏకీభవించారు. తన కొడుకు కాల్పుల ఘటన ఒకటి కళ్లారా చూశాడని వాల్జ్ చెబితే, వాన్స్ అయ్యో అన్నాడు. చూసినవాళ్లు దీనికి కరిగిపోయారు. సిబిఎస్ వెంటనే జరిపిన సర్వేలో 42 శాతం మంది వాన్స్ గెలిచాడన్నారు, 41 శాతం వాల్జ్ అన్నారు, 17 శాతం సమానమన్నారు. సిఎన్ఎన్ సర్వేలో 51, 49. అంటే గెలుపు దగ్గర దేశం రెండుగా చీలింది. ఒక్క విషయంలో మాత్రం చీలలేదు. చర్చ నడిచిన తీరు బాగుందని సిబిఎస్ సర్వేలో 88 శాతం మంది చెప్పారు.

ఇక్కడ మన మిత్రులదీ అదే మాట. పొద్దున్నే ఫోన్లు వచ్చాయి. 'చూశారా భాయ్, ఎంత హుందాగా మాట్లాడుకున్నారో! మన చానళ్లు వీళ్లని చూసి నేర్చుకోవాలి' అన్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. మన చానళ్ల చర్చలేమిటో మాకు తెలియనిది కాదు. గడ్డమూ టోపీ ఉన్న మనిషినొకర్ని తెర మూలన చిన్న డబ్బాలో కూచోబెడతారు. ఎక్కడో ఎవడో చేసిన పనిని ఖండిస్తావా లేదా అని అరుస్తారు. ఆయన నోరు తెరిచేలోగా ప్రకటనలు వచ్చేస్తాయి. ఆ అరుపులకు అలవాటు పడ్డ చెవికి న్యూయార్క్ నెమ్మది అమృతంలా తోచడంలో వింత లేదు.

కాని మర్యాద ఎవరి మధ్య? ఆ మర్యాదలో నడిచిన మాట ఎవరి మీద?

మొదటి ప్రశ్నే చూడండి. ఆరోజే ఇరాన్ ఇజ్రాయెల్ మీద క్షిపణులు వేసింది. ఇరాన్ మీద ఇజ్రాయెల్ ముందస్తు దాడి చేస్తే సమర్థిస్తారా వ్యతిరేకిస్తారా అన్నది ప్రశ్న. ఒక దేశం మీద బాంబులు వేయడం సమ్మతమేనా అని నిదానంగా, ఇస్త్రీ చెడని బట్టల్లో అడిగారు. వాల్జ్ ఇజ్రాయెల్ ఆత్మరక్షణ గురించి చెబుతూ గాజాలో మానవతా సంక్షోభం ముగియాలని ఒక్క ముక్క అన్నాడు. వాన్స్, తన దేశ రక్షణకు ఏం చేయాలో ఇజ్రాయెలే నిర్ణయించుకోవాలన్నాడు. గాజాలో చనిపోయినవాళ్ల లెక్క అక్కడి ఆరోగ్యశాఖ ప్రకారం ఆ నాటికే 41 వేలు దాటింది. ఆ లెక్క మీద ప్రత్యేకంగా ఒక ప్రశ్న రాలేదు. రాలేదేమని ఆ సర్వేలు కూడా అడగలేదు. ప్రశ్న మర్యాదగా ఉంటే, ప్రశ్నలో లేనివాళ్లు కనబడరు.

తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్. ఒహాయోలో చిన్న పట్నం. హైతీ నుంచి వచ్చినవాళ్లు వేలల్లో అక్కడ ఫ్యాక్టరీల్లో పనిచేసుకుంటూ ఉన్నారు. వాళ్లు ఇరుగుపొరుగుల కుక్కల్నీ పిల్లుల్నీ తినేస్తున్నారని పుకారు లేచింది. వాన్స్ దాన్ని సెప్టెంబర్‌లో పైకెత్తాడు. సెప్టెంబర్ 10న అధ్యక్ష చర్చలో ట్రంప్ దాన్ని కోట్ల మంది ముందు అరిచి చెప్పాడు. ఆధారం లేదని ఆ ఊరి అధికారులే చెప్పారు. రోజుల్లోనే 33 బాంబు బెదిరింపులు వచ్చాయని, అన్నీ ఉత్తివేనని, ట్రంప్ పార్టీకే చెందిన గవర్నర్ మైక్ డివైన్ ప్రకటించాడు. బడులు ఖాళీ చేయించారు. జనం బాధ మీద పత్రికల దృష్టి పడడానికి కథలు సృష్టించాల్సి వస్తే సృష్టిస్తానని వాన్స్ సిఎన్ఎన్‌లో అన్నాడు. తర్వాత తన మాటకు వేరే అర్థం చెప్పుకున్నాడు.

అక్టోబర్ 1 చర్చలో ఈ సంగతి వచ్చింది. స్ప్రింగ్‌ఫీల్డ్ హైతీయుల్లో చాలామందికి చట్టబద్ధంగా ఉండే హక్కు ఉందని చర్చ నడిపే ఆవిడ ఒక్క వాక్యం చేర్చింది. సరిదిద్దడాలు ఉండవన్నది నిబంధన కదా అని వాన్స్ అభ్యంతరం చెప్పాడు. మాటా మాటా పెరిగింది. చివరికి ఇద్దరి మైకులూ ఆపేశారు. ఆ మైకుల మీద ఎంత చర్చ! వాన్స్‌కి అన్యాయం జరిగిందని కొందరు. తగిన శాస్తి అని కొందరు. పెద్దమనుషుల మైకు కాసేపు ఆగితే అంత బాధపడ్డారే, హైతీవాళ్లకు అసలు మైకే లేదన్న సంగతి ఎందరికి తట్టింది? వాళ్లు ఏం తింటారన్న దాని మీద రెండు చర్చల్లో కోట్ల మంది తీర్పరులయ్యారు. వాళ్లని ఒక్కమాట అడిగినవాళ్లు లేరు.

మాకీ కథ కొత్త కాదు. 2015 సెప్టెంబర్ 28 రాత్రి దాద్రీ దగ్గర బిసాడా ఊళ్లో మహ్మద్ అఖ్లాక్‌ని ఇంట్లోంచి ఈడ్చి కొట్టి చంపారు. ఆయన ఇంట్లో ఆవు మాంసం ఉందని గుడి మైకులో చాటారు. మనిషి చచ్చిన తర్వాత దేశం దేని గురించి మాట్లాడింది? ఫ్రిజ్‌లో ఉన్నది ఏ మాంసమని. ముక్క ప్రయోగశాలకు పోయింది. మనిషి ప్రాణం పక్కకు పోయి మాంసం జాతి చర్చకు వచ్చింది. మాంసం ఏదైతే మాత్రం చంపుతారా అని అడిగినవాళ్లు ఉన్నారు, వాళ్లకు మా సలాం. కాని చర్చ నడిచింది మాంసం చుట్టే. తిండిని పట్టుకొని మనిషిని మనిషి కాకుండా చేయడం, తర్వాత దాన్ని రెండు పక్షాల వాదంగా మార్చడం - పిల్లి అయినా ఆవు అయినా ఒకటే పని. అందుకే స్ప్రింగ్‌ఫీల్డ్ పేరు విన్నప్పుడు మాకు ఒహాయో పటం అవసరం లేకపోయింది.

ఇక మన తెలుగు ప్రేక్షకుల సంగతి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి మూలాలు పశ్చిమ గోదావరి వడ్లూరులో ఉన్నాయి. దాంతో వాన్స్ 'మన అల్లుడు' అయిపోయాడు. అల్లుడు బాగా మాట్లాడాడు, అల్లుడు తడబడలేదు - ఇవీ మేం విన్న స్పందనలు. నవంబర్‌లో ట్రంప్ గెలిచాక వడ్లూరులో టపాకాయలు కాల్చారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అభినందనలు తెలిపారు. ఊరివాళ్లు తమ ఆడబిడ్డ గొప్పదైందని సంతోషించడంలో మాకు తప్పేమీ కనిపించదు. మా అనుమానమల్లా ఒకటే. వలసవాళ్ల మీద అల్లుడు ఆడిన మాట, వలస వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ అయిన తన భార్య ముందే కదా ఆడింది? ఆ మాట తమకు తగలదని తెలుగు ప్రేక్షకుడికి అంత ధీమా ఎక్కడిది? మంచి చదువు, మంచి వీసా, మంచి కులం ఉన్న వలస వేరు, హైతీ వలస వేరు అనే ధీమా అది.

ఇంకో సంగతి పక్కన పెట్టి చూడండి. 2025 నవంబర్‌లో వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గజాలా హాష్మీ గెలిచారు. 1964లో మన హైదరాబాద్‌లోనే పుట్టారు. అమెరికాలో రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన మొదటి ముస్లిం స్త్రీ. పత్రికలు ఆవిడని 'హైదరాబాద్‌లో పుట్టిన' అని రాశాయి. 'తెలుగింటి ఆడపడుచు' అన్న మాట మా చెవిన పడలేదు. ఉర్దూ మాట్లాడే హైదరాబాద్ తెలుగు లెక్కలోకి రాదు కాబోలు! ఆ ఎన్నికల్లో ఆవిడ చర్చకు రాలేదని ప్రత్యర్థి జాన్ రీడ్ ఒక యంత్రంతో ఆవిడ జవాబులు తయారుచేయించి, ఆ యంత్రంతోనే చర్చించి ప్రసారం చేశాడు. చాలామంది నవ్వుకున్నారు. మేం నవ్వలేకపోయాం. మేం లేనిచోట మా మాట మరెవరో పలకడం, దానికి జవాబు చెప్పి గెలిచామనుకోవడం మేం పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. యంత్రం ఒక్కటే కొత్తది.

అయితే వేలు ఎదుటివాళ్ల వైపే చూపిస్తే మా విమర్శ సగమే అవుతుంది. ఆ ఉదయం మా టీవీ ముందు కూచున్నవాళ్లలో కొందరు, 'హైతీవాళ్ల గొడవ మనకెందుకు, మన పేరు రాలేదు కదా, అల్హందులిల్లా' అన్నారు. మేం గట్టిగా కాదనలేదు. నల్లవాళ్ల గురించి మా ఇళ్లల్లో ఆడే మాటలు మాకు తెలుసు. దూదేకుల ఇంటి పిల్లని, ఫకీర్ల ఇంటి పిల్లని కోడలుగా చేసుకోవడానికి మాలో ఎంతమంది ముందుకొస్తారో కూడా తెలుసు. మా మీద పుకారు లేచినప్పుడు లోకమంతా మాట్లాడాలనుకునే మేం, ఇంకొకరి మీద లేచినప్పుడు చాయ్ తాగుతూ కూచుంటే, మేమూ ఆ 88 శాతంలో ఉన్నవాళ్లమే.

డియర్‌బార్న్ ముస్లిం, అరబ్ ఓటర్లది ఇంకో తీరు. డెమొక్రాట్లు తమ చావుల గురించి వినడం లేదని 2024 ఫిబ్రవరిలో మిచిగన్ ప్రాథమిక ఎన్నికల్లో లక్షమందికి పైగా ఎవరికీ కట్టుబడని ఓటు వేశారు. వాళ్లలో అరబ్బులూ ఉన్నారు, ఇతరులూ ఉన్నారు. ఆగస్టులో షికాగో మహాసభలో ఒక పాలస్తీనీయుడికి వేదిక మీద మాట్లాడే అవకాశం ఇవ్వమంటే ఆ పార్టీ ఇవ్వలేదు. నవంబర్‌లో డియర్‌బార్న్‌లో హారిస్ కంటే ట్రంప్‌కే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఆ ఓటు సరైనదని మేం అనడం లేదు. వినిపించుకోని మర్యాద చివరికి ఎక్కడికి తోస్తుందో చూడమంటున్నాం. సెక్యులర్ మిత్రులకు ఇది మన దగ్గర కూడా ఆలోచించుకోవాల్సిన విషయం. మాతో మర్యాదగా మాట్లాడడం వేరు, మా మాట వినడం వేరు.

1986 ఏప్రిల్‌లో షార్జాలో మియాందాద్ చివరి బంతికి సిక్సర్ కొట్టిన సాయంత్రం మాకు గుర్తుంది. గల్లీ అంతటికీ ఉన్న ఒకే టీవీ ముందు అందరం కూచున్నాం. బంతి గాల్లోకి లేచినప్పుడు తెర వైపు చూడాల్సిన కళ్లు కొన్ని మా ముఖాల వైపు తిరిగాయి. మా పెద్దలు వెంటనే ముఖాలు వాల్చేశారు. నిజంగానే బాధపడ్డవాళ్లు కూడా, ఆ బాధ సరిపోయిందో లేదోనని ఇంకాస్త బాధ నటించారు. చూసేవాడిగా ఉండే హక్కు కూడా అందరికీ ఒకే మాదిరిగా లేదని మాకు అప్పుడే తెలిసింది.

ఒహాయో కొలంబస్‌లో పనిచేసే మా బంధువుల పిల్లవాడు చర్చ అయిన మర్నాడు ఫోన్ చేశాడు. ఆఫీసులో అందరూ ఇద్దరూ ఎంత సంస్కారవంతులో అని మెచ్చుకుంటున్నారట. నీకెలా అనిపించిందని వీణ్ణి అడిగారట.

'నువ్వేమన్నావురా?'

'చాలా బాగుందన్నాను మామూ. ఇంకేమంటాను?'

ఆ జవాబు ఏ సర్వేలో పడినా 88 శాతంలోనే చేరుతుంది. అందుకే ప్రేక్షకులు మెచ్చారన్న అంకె చూసినప్పుడల్లా, అందులో ఇలా తలవాల్చి మెచ్చినవాళ్లెందరో మాకు లెక్క కావాలి.