ఓక్ ఐలాండ్‌లో నిధి ఎవరిది?

ఆదోని, ఎమ్మిగనూరు బడుల్లో పై తరగతుల పిల్లలు ‘ది కర్స్ ఆఫ్ ఓక్ ఐలాండ్’ గురించి మమ్మల్ని అడుగుతున్నారు. హిస్టరీ ఛానెల్‌లో 2014 నుంచి వస్తున్న కార్యక్రమం అది. రిక్, మార్టీ లగీనా అనే అన్నదమ్ములు కెనడాలో నోవా స్కోషియా తీరాన ఉన్న ఒక చిన్న దీవిని తవ్వుతుంటారు. 1795లో ఒక కుర్రవాడు చూశాడని చెప్పుకునే గుంత దగ్గర మొదలైన వేట. అందులో ఆరుగురు చనిపోయారు. ఏడో మనిషి పోతేగానీ నిధి బయటపడదని అక్కడి మాట. నిధి బలి అడుగుతుందని మన ఊళ్ళలో అనే మాటకు తోబుట్టువే.

చూడబుద్ధేస్తుంది, కాదనం. బురదలోంచి ఒక నాణెం తీసినప్పుడు ఆ అన్నదమ్ముల ముఖాలు చూడాలి! మా పేచీ వ్యాఖ్యాతతో. 2017లో అక్కడ ఒక సీసపు శిలువ దొరికింది. ఫ్రాన్సులో టెంప్లర్ యోధులను బంధించిన చోట గోడల మీది గీతలు చూపించి, ఇది వాళ్ళదే అయ్యుండొచ్చా అంటాడు. టెంప్లర్ల సంఘాన్ని పోపు 1312లోనే రద్దు చేశాడు. వాళ్ళు సముద్రం దాటి వచ్చి, ఏసు కడరా భోజనపు పాత్రను ఈ దీవిలో దాచారనడానికి ఆధారమే లేదు. కానీ ‘అయ్యుండొచ్చా’ అన్నది ప్రశ్న కదా, ఎవరూ తప్పు పట్టలేరు. పది వారాలు వింటే జవాబులాగే చెవిలో కూర్చుంటుంది. ఎరుకల అవ్వ బుట్ట పట్టుకుని సోది చెబితే మూఢనమ్మకం. కోటు వేసుకున్నాయన టీవీలో చెబితే పరిశోధన.

ఇంతకీ ఆ నేల ఎవరిది? మిక్‌మాక్ ఆదివాసులది. యూరప్ ఓడలు రాకముందు వేల ఏళ్ళుగా వాళ్ళు అక్కడే ఉన్నారు. వాళ్ళ కుండ పెంకు దొరికి, ప్రభుత్వం కొంత పని ఆపించాకగానీ ఆ పేరు కార్యక్రమంలో గట్టిగా వినబడలేదు. ఎక్కడో ఫ్రాన్సు నుంచి యోధులను తెచ్చుకున్నారుగానీ, పక్కనున్న మనుషులు కళ్ళకు ఆనలేదు.

మన దగ్గరా ఇదే జరిగింది. తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో అధికారుల ఎదుటే నిధి కోసం తవ్వారు. ఛానెళ్ళు వరస కట్టాయి. ఇటుకలు, ఎముకలు బయటపడ్డాయి. అవి ఏ కాలానివి, ఎవరివి అని అడిగినవాళ్ళు తక్కువ. బంగారమేదీ అన్నదే గోల.

అక్కడికి దగ్గరలోనే, పత్తికొండ–గుత్తి దారిలో, ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. బ్రాహ్మీ లిపిలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. తవ్వే పని లేదు, చదవడమే. ఉపాధ్యాయ మిత్రులు పిల్లలను అక్కడికి తీసుకెళ్ళాలి. వెళ్ళేముందు ఓక్ ఐలాండ్ ఒక భాగం చూపించి, నోటుపుస్తకంలో రెండు గడులు గీయించండి. ఒకదానిలో దొరికినవి, ఒకదానిలో ఊహించినవి రాయమనండి.