రంగు కింద పనితనం

మాదాపూర్, గచ్చిబౌలిల్లోని కాఫీ షాపుల్లోనూ చిన్న ఆఫీసుల్లోనూ పైన్ చెక్క బల్లలు, అరలు బాగా కనిపిస్తాయి. బరువు తక్కువ, రంపానికి ఇట్టే లొంగుతుంది. చిక్కల్లా ముడులతోనే. ముడి అంటే ఒకప్పటి కొమ్మ మొదలు. చుట్టూ ఉన్న చెక్కకంటే గట్టిది, లోపల బంక దాచుకుంటుంది. నేరుగా తెల్లరంగు వేస్తే, మన ఎండలకు ఆ బంక మెత్తబడి పైకి ఊరుతుంది. పసుపు మచ్చ తేలుతుంది. మీద ఇంకో పూత వేసినా మళ్లీ తేలుతుంది.

మంచి పెయింటర్ దీన్ని ముందే కనిపెడతాడు. కదిలే ముడిని ఊడదీసి, గుంటలో చెక్కముక్క అతికిస్తాడు. మిగతావాటి మీది బంకను గీకి, స్పిరిట్ గుడ్డతో తుడుస్తాడు. తర్వాత స్పిరిట్‌లో కరిగించిన లక్కను ముడి అంచు దాటేలా పలుచగా రెండుసార్లు పూస్తాడు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజులకు ఆధారమైన లక్కే ఇక్కడ బంకను ఆపుతుంది.

ఆపైన ప్రైమర్, సన్నగా లప్పం. చెక్కదిమ్మెకు చుట్టిన గరుకు కాగితం, 120 నంబరు నుంచి 180, 220 దాకా, చెక్క చార వెంబడే నడుస్తుంది. పక్కనుంచి లైటు పట్టి, వేళ్లకొసలతో తడిమి ఎత్తుపల్లాలు చూస్తాడు. దుమ్ము తుడిచి మళ్లీ ప్రైమర్. చివరికి ఎనామెల్ రెండు పూతలు. వానాకాలమైతే పూతకూ పూతకూ మధ్య ఇంకాస్త ఆగుతాడు.

ఈ ఓపికకు తగ్గ కూలి ఇవ్వాలి. బల్ల ఏళ్లతరబడి తెల్లగా నిలిచిందంటే, ఆ మెప్పు ముందు అతనికే దక్కాలి.