వేలికి అందని గడ్డ

కొల్లేటికోట నుంచి మన పాఠకుడొకాయన ఈ వారం ఫోను చేసి అడిగిన ప్రశ్న నాకెంతో నచ్చింది. "మా బావగారి ఊపిరితిత్తిలో 8 మిల్లీమీటర్ల గడ్డ ఉందండీ. ఆపరేషన్‌కి ముందు స్కానింగ్ గదిలో తీగ గుచ్చుతారట. సీటీలో కనపడ్డది డాక్టరు గారికి అప్పుడు కనపడదా?"

కనపడదు. ఎందుకో ఆ ఊరివాళ్లకి చెప్పడం తేలిక. బుడమేరు, తమ్మిలేరు వాగులు పొంగినప్పుడు నిండు కొల్లేటి సరస్సులో చూసుకున్న చోటు, నీళ్లు ఉప్పుటేటి దారిన పోయాక ఎండల్లో వెతికితే దొరకదు. ఒడ్డే జరిగిపోతుంది. అందుకే వేటకు పోయేవాళ్లు గుర్తుకి గడ పాతుకుంటారు. ఈ కాలమ్ చదివేవారికి నా పాత గొడవ తెలుసు: 1999లో కొల్లేరుని ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యమని పటంలో గీశారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, నేలమీద హద్దు తగాదా మాత్రం తీరలేదు. పటంలో ఉన్నంత మాత్రాన నేలమీద దొరకదు.

ఊపిరితిత్తి సంగతీ అంతే. సీటీ తీసేటప్పుడు రోగి ఊపిరి బిగబట్టి ఉంటాడు, ఊపిరితిత్తి నిండుగా ఉంటుంది. ఆపరేషన్‌లో పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆ వైపు గాలి తీసేస్తారు. రెండు మూడు చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు వెళ్తాయి. ముడుచుకున్న ఊపిరితిత్తిలో చిన్న గడ్డ, అందులోనూ మసకమచ్చలాంటిది, పైకి తేలదు.

వైద్యుడికి చెయ్యే మొదటి పనిముట్టని ఎన్నేళ్లుగానో రాస్తున్నాను. ఆ లెక్కన తీగని తప్పుబట్టాలి. కానీ గడ్డని తడిమి వెతకడానికి వేలు లోపలికి పోవాలంటే కోత పెద్దదవ్వాలి, పక్కటెముకలు విడదీయాలి. ఆ నొప్పి కొందరిని నెలల తరబడి వదలదు. ఈ విషయంలో నేను తీగ పక్షమే.

సీటీలో చూస్తూ సన్నని సూదిలోంచి కొక్కెం ఉన్న తీగని గడ్డ పక్కన నిలుపుతారు. ఛాతీలోకి గాలి చేరవచ్చు, కొద్దిగా రక్తం రావచ్చు, రోగిని కదిపినప్పుడు తీగ జారవచ్చు. అందుకే అక్కడినుంచి థియేటర్‌కి ఆలస్యం కూడదు. తీగకి బదులు గుర్తుగా మిథిలీన్ బ్లూ రంగు ఎక్కించినా అంతే, ఆలస్యమైతే చుట్టూ పాకిపోతుంది. ఇండోసయనిన్ గ్రీన్ రంగైతే ప్రత్యేక కెమెరాలో మెరుస్తుంది. ఆ గుర్తుని పట్టుకుని కోసి తీసిన ముక్కని రోగి బల్లమీద ఉండగానే పరీక్షించి, క్యాన్సరైతే ఇంకా ఎంత తీయాలో తేలుస్తారు.

అయితే క్షయకోసం 1915 నాటికే ఆరోగ్యవరంలో ఆసుపత్రి పెట్టుకోవలసి వచ్చిన నేల మనది. క్షయ మిగిల్చిన పాత మచ్చలు ఊపిరితిత్తిలో మోసేవాళ్లు ఎందరో, అలాంటి మచ్చే స్కాన్‌లో గడ్డలా కనపడవచ్చు. బావగారి పాత స్కాన్లేమైనా ఉంటే వెతికి పట్టుకెళ్లమన్నాను. గట్టి గడ్డ రెండేళ్లుగా పెరగకుండా ఉంటే, సాధారణంగా తీగా అక్కర్లేదు, కత్తీ అక్కర్లేదు.