అజ్ఞాతజాలంలో బాట్‌నెట్: దాగిన చిరునామా, దాగని సంఖ్య

కీలకపదాలు: బాట్‌నెట్, టార్, నియంత్రణ సర్వర్, అజ్ఞాతం, విరాటపర్వం.

1. ప్రవేశిక

హానికర సాఫ్ట్‌వేర్ సోకి, యజమానులకు తెలియకుండానే పరాయి ఆజ్ఞలకు లోబడి పనిచేసే కంప్యూటర్ల సమూహమే బాట్‌నెట్. ఆ ఆజ్ఞలు వెలువడే చోటు నియంత్రణ సర్వర్. దాని చిరునామా దొరికితే దానిని నిలిపివేయవచ్చు. అందుకే కొందరు నేరగాళ్లు టార్ వంటి అజ్ఞాతజాలాలను ఆశ్రయించారు. ఆ ఆశ్రయం ఎంతవరకు కాపాడుతుందో, దాని మూల్యం ఎవరు చెల్లిస్తారో 2013 నాటి సెఫ్నిట్ ఉదంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. దాపరిక విధానం

టార్‌లోని 'ఆనియన్' చిరునామా గూఢలిపి తాళంచెవి నుంచి పుట్టిన పేరు; సర్వర్ ఎక్కడుందో అది చెప్పదు. బాట్, సర్వర్ రెండూ చెరొక వైపు నుంచి మధ్యవర్తి కంప్యూటర్ల గుండా వచ్చి ఒక సంగమస్థానంలో కలుస్తాయి. సాధారణ డొమైన్ పేరును రద్దు చేయించినట్లు ఈ చిరునామాను నమోదు సంస్థ ద్వారా రద్దు చేయించడం కుదరదు.

3. బయటపడిన తీరు

2013 ఆగస్టు మధ్యలో 10 లక్షల లోపున్న టార్ రోజువారీ వినియోగదారుల అంచనా సెప్టెంబరు మధ్యనాటికి 50 లక్షలు దాటింది. కారణం సెఫ్నిట్. చిరునామాను దాచిన జాలం సంఖ్యను దాచలేకపోయింది.

తెలుగునాట ప్రసిద్ధమైన విరాటపర్వ కథలో దుర్యోధనుడికి పాండవుల జాడ తట్టించింది కీచకవధ. మారువేషం చెక్కుచెదరకపోయినా చేత పట్టిచ్చింది. గోగ్రహణపు బాధ మాత్రం ఆశ్రయమిచ్చిన విరాటుడిది. టార్‌కూ అదే జరిగింది. భారం పెరిగి, నిఘా నుంచి రక్షణ కోరే సామాన్య వినియోగదారులకు జాలం మందగించింది. కొత్త వెర్షన్‌లోని అనుసంధాన పద్ధతికి ప్రాధాన్యమిచ్చి నిర్వాహకులు పాత వెర్షన్‌పై నడిచే బాట్లను వెనక్కి నెట్టారు. సెఫ్నిట్ రహస్యంగా స్థాపించిన టార్‌ను మైక్రోసాఫ్ట్ ఆయా కంప్యూటర్ల నుంచి తొలగించింది. అంటే చికిత్స సర్వర్ వద్ద కాదు, సోకిన కంప్యూటర్ల వద్ద జరిగింది.

అయితే ఈ పోలికకు హద్దుంది. పాండవుల అజ్ఞాతం నియమపాలన. సెఫ్నిట్‌ది ప్రకటనలపై దొంగ క్లిక్కులతో సొమ్ము చేసుకొనే మోసం.

4. ముగింపు

'చీకటి వెబ్' అనే వాడుక ఈ భేదాన్నే చెరిపివేస్తుంది. ఆశ్రయాన్నీ అపరాధాన్నీ ఒకే గాటన కడుతుంది. నేరాన్ని నిర్ణయించవలసింది దాగడాన్ని బట్టి కాదు, చేతను బట్టి. కాబట్టి పరిభాషలో 'అజ్ఞాతజాలం' అనే తటస్థపదమే సమంజసం. ఆ జాలాన్నే మూసివేస్తే మొదట నిరాశ్రయులయ్యేది నేరం చేయనివారే.